విమానం నడపడం నేర్పే గురువు: ఖర్చెంత? రాబడెంత?

పెద్దయ్యాక ఏమవుతారని అడిగితే ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురైనా "పైలట్" అంటారు. ఆ పైలట్‌ను మొదటిసారి పక్కన కూర్చోబెట్టుకొని నేర్పే గురువు ఒకరుంటారు. వారే ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్. ఆ గురువు కావాలంటే ఎంత ఖర్చవుతుంది, అది ఎలా తిరిగి వస్తుంది అన్నది ముందే తెలుసుకోవాలి.

మొదటి మెట్టు కమర్షియల్ పైలట్ లైసెన్సు. మన దేశంలో దీన్ని డి.జి.సి.ఎ. ఇస్తుంది. అందుకు 200 గంటలు విమానం నడిపి ఉండాలి, రాత పరీక్షలు నెగ్గాలి. ఈ శిక్షణకు ఇప్పుడు సుమారు 40 నుంచి 60 లక్షల రూపాయలు అవుతోంది. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఉంది. హైదరాబాదు బేగంపేటలో రాష్ట్ర ఏవియేషన్ అకాడమీ ఉంది.

ఇంత ఖర్చు ఎందుకు? సెస్నా 172 అనే చిన్న శిక్షణ విమానమే గంటకు 30 లీటర్లకు పైగా ఇంధనం తాగుతుంది. అది కారులో పోసే పెట్రోలు కాదు, ఆవ్‌గ్యాస్ అనే ప్రత్యేక ఇంధనం. 2022 వరకు మనం దాన్ని విదేశాల నుంచే తెప్పించుకున్నాం. ఇక ఇంజనును సుమారు 2000 గంటలకోసారి పూర్తిగా విప్పి బాగుచేయాలి. ఇవన్నీ విద్యార్థి కట్టే ఫీజులోనే కలుస్తాయి.

లైసెన్సు చేతికొచ్చాక ఇన్‌స్ట్రక్టర్ రేటింగు కోసం మళ్ళీ శిక్షణ, మళ్ళీ పరీక్ష, మరికొన్ని లక్షలు. మొదట అసిస్టెంటుగా, సీనియర్ పర్యవేక్షణలో పాఠాలు చెప్పాలి. చాలాచోట్ల నెల జీతంతో పాటు ఎగిరిన గంటలను బట్టి భత్యం ఇస్తారు. చలికాలం పొగమంచు, వానాకాలం మబ్బులు కమ్మితే విమానం కదలదు, భత్యమూ రాదు.

అయినా ఈ పనిలో ఒక లాభం ఉంది. నేర్పుతూ ఎగిరిన గంటలు గురువు ఖాతాలోనూ చేరతాయి. అమెరికాలో 2013 నుంచి ఎయిర్‌లైన్ పైలట్ కావాలంటే సాధారణంగా 1500 గంటలు ఉండాలి. అందుకే అక్కడ చాలామంది ముందు ఇన్‌స్ట్రక్టర్లుగా పనిచేస్తారు. మన దగ్గర 200 గంటల లైసెన్సుతో, పెద్ద విమానం నడిపే టైప్ రేటింగు తీసుకొని ఎయిర్‌లైన్‌లో చేరవచ్చు. అక్కడ జీతం ఎక్కువ కాబట్టి నేర్పే పనిలో నిలిచేవారు తక్కువ.

ఇప్పుడు అప్పు లెక్క చూద్దాం. 50 లక్షలు 10 శాతం వడ్డీకి, 10 ఏళ్ళలో తీర్చేలా తీసుకుంటే నెలకు సుమారు 66,000 కట్టాలి. మొత్తం దాదాపు 79 లక్షలు, అంటే వడ్డీయే 29 లక్షలు. ఇంత పెద్ద విద్యా రుణానికి బ్యాంకు మామూలుగా ఆస్తి హామీ అడుగుతుంది. బదిలీల మీద తిరుగుతూ క్వార్టర్స్‌లో ఉండే మన కుటుంబాల్లో చాలామందికి సొంత ఇల్లు ఉండదు. అప్పుడు అమ్మానాన్నల భవిష్య నిధి మీదే చెయ్యి పడుతుంది.

అందుకే మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఫీజు కట్టకముందే క్లాస్ 1 వైద్య పరీక్ష చేయించుకోండి. రంగులు గుర్తించడంలో లోపం బయటపడితే డబ్బు, కాలం రెండూ వృథా. ఫీజు ఒకేసారి కాకుండా, శిక్షణ సాగేకొద్దీ వాయిదాల్లో కట్టండి. మూడోది, వైమానిక దళం దారి కూడా చూడండి. అక్కడ శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే, దానికి బదులు మీరు ఇచ్చేది సేవాకాలం. వైమానిక దళంలో ఇన్‌స్ట్రక్టర్లను తయారుచేసే పాఠశాల చెన్నై దగ్గర తాంబరంలో ఉంది. కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరితే మైక్రోలైట్ విమానంలో ఎగిరే అవకాశమూ దొరకవచ్చు.

కల కనడానికి ఖర్చు లేదు, నిజం చేసుకోవడానికి ఉంది. ఆ లెక్క ఈ రోజే అమ్మానాన్నలతో కలిసి కాగితం మీద వేయండి.