ట్యూబ్ యాంప్‌లో ఫిల్టర్ కెపాసిటర్: పెద్దది పెడితే మంచిదేనా?

ఈ ఎపిసోడ్ నేను చేసిన ఒక తప్పు గురించి. ఫెండర్ వాళ్ళ 1950ల నాటి ట్వీడ్ డీలక్స్, అంటే 5ఈ3 సర్క్యూట్ చూసి ఒక గిటార్ యాంప్ అసెంబుల్ చేసుకున్నా. ఆన్ చేస్తే గుయ్‌మని హమ్. ఫిల్టరింగ్ చాలట్లేదేమో అనుకుని, రెక్టిఫైయర్ తర్వాత వచ్చే మొదటి 16 మైక్రోఫారడ్ల కెపాసిటర్ తీసేసి 100ది పెట్టేశా. హమ్ కొంచెమే తగ్గింది. నాలుగో రోజు స్విచ్ వేయగానే 5వై3 ట్యూబ్ లోపల తళుక్కున ఒక మెరుపు. ఫ్యూజ్ పోయింది, ట్యూబూ పోయింది.

ఎందుకలా? మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, ఫుల్ వేవ్‌లో సెకనుకి 100 సార్లు పీక్ వస్తుంది. కెపాసిటర్ ఆ పీక్ దగ్గర మాత్రమే నిండుతుంది. కుళాయి నీళ్ళు గంట వస్తే నిదానంగా పట్టుకుంటాం. పది నిమిషాలే వస్తే అవే బిందెలకి ఎంత హడావిడి! కెపాసిటర్ పెద్దదైతే వోల్టేజ్ పెద్దగా దిగదు, కాబట్టి నిండే టైమ్ ఇంకా తగ్గుతుంది. కావాల్సిన కరెంటు మాత్రం అంతే. దాంతో ఒక్కో పల్స్ భారీగా వస్తుంది. పైగా స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కెపాసిటర్ దాదాపు షార్ట్ లాంటిదే.

1ఎన్4007 డయోడ్ ఒక్క క్షణం 30 ఆంపియర్లు తట్టుకుంటుంది. 5వై3 ప్లేటు పీక్ లిమిట్ సుమారు 400 మిల్లీఆంపియర్లే! అందుకే డేటాషీట్‌లో మొదటి కెపాసిటర్‌కి హద్దు ఇస్తారు. 5వై3కి 20, 5యూ4జీబీకి 40, జీజెడ్34కి 60 మైక్రోఫారడ్లు గుర్తుపెట్టుకోండి.

మరి హమ్ సంగతి? 5ఈ3లో రెండు పవర్ ట్యూబులు పుష్-పుల్‌లో ఉంటాయి. మొదటి కెపాసిటర్ దగ్గరి రిపుల్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో చాలావరకు క్యాన్సిల్ అవుతుంది. ప్రీయాంప్‌కి వెళ్ళే రిపుల్‌కి ఆ సౌకర్యం లేదు. కాబట్టి పెంచాల్సింది రెసిస్టర్ల తర్వాత ఉన్న రెండో, మూడో కెపాసిటర్లని. నేను ఇప్పుడు మొదటిది 16 దగ్గరే ఉంచి, ఆ రెండూ 33 చేశా. గట్టిగా కొడితే వోల్టేజ్ కాస్త కుంగి మళ్ళీ లేచే ఆ 'శాగ్' ఫీల్ కూడా పోలేదు.

ఇక వోల్టేజ్ రేటింగ్. 325-0-325 ట్రాన్స్‌ఫార్మర్ అనుకోండి. 1.414తో గుణిస్తే దాదాపు 460 వోల్టులు. 5వై3 త్వరగా వేడెక్కుతుంది, పవర్ ట్యూబులు అప్పటికింకా కరెంటు లాగవు. ఆ కొన్ని సెకన్లు ఇంచుమించు పీక్ మొత్తం కెపాసిటర్ మీదే పడుతుంది. 450 వోల్టులది చాలదు, 500ది తీసుకోండి.

చివరగా ఒక్క మాట, ఇది ప్రాణాలకి సంబంధించింది. ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో వందల వోల్టులు మిగిలి ఉండొచ్చు. రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టండి. ముందు మీ రెక్టిఫైయర్ ట్యూబ్ మీద నంబర్ చూడండి, తర్వాతే కెపాసిటర్ కొనండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!