గళ్ల చాపింగ్ బోర్డు: కలపను నిలబెట్టి అతికే పని

హైదరాబాద్‌లో పాత మటన్ దుకాణాల్లో చింత మొద్దు ఒకటి కనిపిస్తుంది. కాండాన్ని అడ్డంగా కోసి, కోసిన ముఖం పైకి వచ్చేలా నిలబెట్టిన దుంగ అది. పొద్దున్నుంచి రాత్రి దాకా కత్తి దెబ్బలు పడుతూనే ఉంటాయి. అయినా చీలదు, పెచ్చులూడదు. ఏళ్లు గడిచేకొద్దీ మధ్యలో గుంట పడుతుంది, అంతే. మాదాపూర్, కొండాపూర్ వైపు గృహాలంకరణ షోరూముల్లో గళ్లగళ్లుగా మెరిసే ‘ఎండ్ గ్రెయిన్’ చాపింగ్ బోర్డు పనిచేసేదీ ఇదే సూత్రం మీద. దాన్ని ఇంట్లో చేసుకోవచ్చు. చేసేముందు కలప ఎలా మసలుకుంటుందో తెలుసుకుంటే సగం పని అయిపోయినట్టే.

మన వంటిళ్లకు ఈ బోర్డు అవసరం ఆలస్యంగా వచ్చింది. కత్తిపీట ముందు కూర్చుంటే కాయే కత్తి దగ్గరికి వెళ్తుంది, కింద పలక అక్కర్లేదు. ఫ్లాట్లలో గట్టు ముందు నిలబడి తరగడం మొదలయ్యాక కత్తి కిందికి దిగే చోట ఏదో ఒకటి కావలసి వచ్చింది. గాజు పలక పెడితే కత్తి పదును రోజుల్లో పోతుంది. ప్లాస్టిక్ పలక గాట్లు పడిపోతుంది. 1994లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ బృందం చెక్క పలకలనూ ప్లాస్టిక్ పలకలనూ పోల్చి చూసింది. చెక్క మీద వేసిన బ్యాక్టీరియా లోపలికి ఇంకిపోయి, పెరగకుండా క్రమంగా నశిస్తుందని, గాట్లు పడ్డ ప్లాస్టిక్‌ను చేత్తో కడిగి శుభ్రం చేయడం కష్టమని తేల్చింది. అలాగని చెక్కను కడగకుండా వదిలేయకూడదు, పచ్చి మాంసానికీ కూరగాయలకూ ఒకే పలక వాడకూడదు.

చెట్టులో నార వేరు నుంచి కొమ్మ వైపు నిలువునా సాగుతుంది. మామూలు పలకలో ఆ నార పడుకుని ఉంటుంది. కత్తి దిగిన ప్రతిసారీ దాన్ని అడ్డంగా తెంపుతుంది. నారను నిలబెట్టి, కొసలు పైకి ఉండేలా పెడితే కత్తి అంచు కొసల మధ్యకు జారుతుంది. కత్తి తీశాక అవి చాలావరకు మళ్లీ దగ్గరికి చేరతాయి. గాట్లు తక్కువ, పదునూ ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఎండ్ గ్రెయిన్ గొప్పదనమంతా ఇదే.

అలాంటప్పుడు చెట్టును నాలుగు సెంటీమీటర్ల బిళ్లగా కోసి వాడుకుంటే పోదా? పోదు. ఎండేటప్పుడు కలప అన్ని దిక్కులా ఒకేలా కుంచించుకుపోదు. నార పొడవునా మార్పు దాదాపు ఉండదు. కాండం నడిమి నుంచి బెరడు వైపు కొంత ఉంటుంది. వలయాల వెంబడి అంతకు సుమారు రెట్టింపు. పచ్చి కలప పూర్తిగా ఎండేసరికి టేకులో ఈ రెండూ సుమారు రెండున్నర, అయిదు శాతం. ఆ తేడాను తట్టుకోలేక గుండ్రని బిళ్ల నడిమి నుంచి అంచు దాకా చీలిపోతుంది. మాంసం కొట్టే మొద్దు బతికిపోవడానికి దాని మందం ఒక కారణం, చింత నార ఒకదానిలో ఒకటి మెలిపడి ఉండటం మరో కారణం. వంటింటి పలకకు అంత మందం కుదరదు. అందుకే కలపను సన్నని బద్దలుగా కోసి, అతికి, మళ్లీ కోసి, తిప్పి అతుకుతారు. నమూనా పుట్టుకొచ్చేది ఈ తిప్పడంలోనే.

ఒక ముదురు రంగు కలప, ఒక లేత రంగు కలప తీసుకోండి. ఒక్కొక్కటి 40 మిల్లీమీటర్ల వెడల్పు, 40 మందం, 420 పొడవు ఉండేలా ఎనిమిది బద్దలు చేయండి. ముదురు నాలుగు, లేత నాలుగు. ఒకదాని పక్కన ఒకటి రంగు మార్చి పేర్చి అతికితే చారల పలక వస్తుంది. జిగురు ఆరాక దాన్ని రెండు వైపులా చదును చేసి, చారలకు అడ్డంగా 45 మిల్లీమీటర్ల ముక్కలుగా కోయాలి. రంపం ప్రతి కోతకూ సుమారు మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది. ఎనిమిది ముక్కలకు 360, కోతలకు 24, కలిపితే 384. మిగతాది కొసలు సరిచేయడానికి. ఇప్పుడు ప్రతి ముక్కనూ నార కొస పైకి వచ్చేలా తొంభై డిగ్రీలు తిప్పండి. ఒకటి విడిచి ఒకదాన్ని ఎడమ కుడికి, కుడి ఎడమకు మార్చి పేర్చండి. చదరంగం గళ్లు కళ్లముందు నిలుస్తాయి.

పోచంపల్లి నేతగాడు మగ్గం మీదికి వెళ్లకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతాడు. చీరలో ఏ పువ్వు ఎక్కడ పడాలో అప్పుడే ఖాయమైపోతుంది. ఇక్కడా అంతే. మొదటి అతుకులో బద్దలు సరిసంఖ్యలో ఉంటేనే ముక్కను తిప్పినప్పుడు ముదురు పక్కన లేత పడుతుంది. ఏడు బద్దలో తొమ్మిదో పెడితే ఎంత తిప్పినా ముక్క అలాగే కనిపిస్తుంది, గళ్లకు బదులు చారలే మిగులుతాయి. బద్దల వెడల్పు అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా తిప్పాక గళ్ల మూలలు కలవవు. ఎందుకంటే ఎడమ వైపున్న తప్పు పక్క ముక్కలో కుడి వైపుకు చేరి రెట్టింపుగా కనిపిస్తుంది. అదే వెడల్పులను కావాలని 50, 40, 30, 20గా మారిస్తే వరుస వరుసకూ అలలా కదిలే నమూనా వస్తుంది. మొదటిసారికి గళ్లే చాలు. పెట్టెలు పేర్చినట్టు కనిపించే ఘనాల నమూనాకు అరవై డిగ్రీల కోతలు కావాలి. అది చేయి తిరిగాక పెట్టుకోవలసిన పని.

కొలత ఎక్కడ ఖచ్చితంగా ఉండాలో చాలామంది తారుమారు చేసుకుంటారు. అడ్డకోత కాస్త హెచ్చుతగ్గులైనా నష్టం తక్కువ, అది రేపు పైముఖమే కాబట్టి చివర్లో చదును చేసుకోవచ్చు. మొదట అతికిన చారల పలక మాత్రం ఒకే మందంగా, మెలిక లేకుండా ఉండాలి. రెండో అతుకులో ఒకదానికొకటి ఆనేవి ఆ ముఖాలే. అక్కడ సందు వస్తే జిగురు దాన్ని పూడ్చదు. రెండు అతుకుల్లోనూ జిగురు పట్టేది నార పక్కవైపునే, కొసలకు కాదు. కొసకు కొస అతికితే జిగురును నార పీల్చేసుకుని అతుకు వీగిపోతుంది. పక్కకు పక్క అతికితే ఆ అతుకు కలప కంటే గట్టిగా నిలుస్తుంది.

ఇక కలప. రెండు రంగులు చూడగానే ముచ్చటేస్తుంది గానీ రెండూ ఒకేలా వ్యాకోచించేవై ఉండాలి. టేకు, జిట్రేగి ఈ విషయంలో దాదాపు సమానం. దిగుమతి బీచ్ లేత రంగుతో టేకు పక్కన అందంగా ఉంటుంది. అయితే దాని కుదింపు టేకుకు రెట్టింపు పైమాటే. గళ్ల బోర్డులో ఆ రెంటినీ కలపడం నాకు ఇష్టం ఉండదు. జిట్రేగి చెట్లు తరిగిపోతున్నాయి కాబట్టి కొత్త దుంగ కొనడం కంటే పాత మంచమో బీరువానో విప్పిన కలప వెతకడం మేలు. అయితే పాలిష్, పెయింట్ పొర పూర్తిగా పోయేదాకా చెక్కాలి. ఏ కలపైనా చేవ భాగమే తీసుకోండి, చుట్టూ ఉండే తెల్ల భాగానికి పురుగు పడుతుంది. గన్నేరులాంటి విషపు చెట్ల జోలికి పోవద్దు. బోయిగూడ టింబర్ డిపోల్లో కలపను సీఎఫ్‌టీ (ఘనపుటడుగు) లెక్కన అమ్ముతారు. ఈ బోర్డుకు తరుగుతో కలిపి పావు సీఎఫ్‌టీ సరిపోతుంది. ద్వారబంధాలు కోయగా మిగిలిన ముక్కలు అడిగి చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం తేమ. హైదరాబాద్‌లో ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కిందికి పోతుంది, ఆగస్టు ఉదయాన 80 దాటుతుంది. దానికి తోడు ఫ్లాట్లలో ఏసీ. గాలితో పాటు కలపా ఊపిరి పీల్చుకుంటుంది, వదులుతుంది. ఎండ్ గ్రెయిన్ బోర్డులో పొడవూ వెడల్పూ రెండూ నారకు అడ్డ దిక్కులే. అందుకే అది రెండు వైపులా పెరుగుతుంది, మందం మాత్రం మారదు. 320 మిల్లీమీటర్ల టేకు బోర్డులో తేమ నాలుగు శాతం మారితే కొలత ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు మారుతుంది. అందం కోసం చుట్టూ ఫ్రేము బిగించినవాళ్ల బోర్డులు తొలి వానాకాలంలోనే పగలడానికి కారణం ఇదే. ఫ్రేములో నార పొడవునా ఉంటుంది, అది సాగదు. లోపలి బోర్డు సాగుతుంది. ఏదో ఒకటి విడిపోక తప్పదు. ఫ్రేము వద్దేవద్దు. కొన్న కలపను కొన్ని వారాలు ఇంట్లోనే గాలి ఆడేలా పేర్చి ఉంచి, తేమ మీటరు 10, 12 శాతం మధ్య చూపించాకే పని మొదలుపెట్టండి.

గచ్చిబౌలి, నార్సింగి అపార్టుమెంట్ల బాల్కనీలో టేబుల్ సా పెట్టడం కుదిరే పని కాదు. దాని మోత 90 డెసిబెల్స్ దాటుతుంది, పొట్టు పై అంతస్తు దాకా ఎగురుతుంది. సా మిల్లులోనే బద్దలను కోయించి, నాలుగు వైపులా రందా పట్టించుకుంటే అతకడం, గీయడం, నూనె పెట్టడం ఇంట్లో చేసుకోవచ్చు. యంత్రాలతో స్వయంగా చేయాలనుకునేవారికి రాయదుర్గంలో టీ-హబ్ పక్కనే టీ-వర్క్స్ ఉంది. తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన ఈ నమూనాల తయారీ కేంద్రాన్ని 2023 మార్చి 2న ఫాక్స్‌కాన్ చైర్మన్ యంగ్ లియూ ప్రారంభించారు. 78 వేల చదరపు అడుగుల ఆ భవనంలో లేజర్ కటింగ్, త్రీడీ ప్రింటింగ్, లోహపు పనులతో పాటు వడ్రంగి విభాగం కూడా ఉంది. పగలంతా తెర మీద కోడ్ రాసే ఊరికి, చేత్తో తాకగల వస్తువు తయారుచేసుకునే చోటు ఉండటం నాకెంతో సంతోషం. అక్కడి సిబ్బంది పర్యవేక్షణ లేకుండా కొత్తవాళ్లు రంపం ముట్టుకోకూడదు.

జిగురు నీటికి చెదరనిది కావాలి. ఆహారం తగిలే చోట పరోక్షంగా వాడటానికి అమెరికాలో అనుమతి ఉన్న టైట్‌బాండ్ 3 లాంటిది మంచిది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కనుక రందా పట్టిన రోజే, ముఖాలను అసిటోన్‌తో తుడిచి, అతకాలి. జిగురు రాసేముందు ముక్కలన్నీ ఒకసారి ఊరికే పేర్చి, క్లాంపులు బిగించి చూసుకోండి. జిగురు రాశాక చేతిలో ఉండేది పది నిమిషాలు, ఎండాకాలంలో ఇంకా తక్కువ, కాబట్టి పొద్దున్నే పెట్టుకోవాలి. రాణిగంజ్‌లో దొరికే పైపు క్లాంపులను ఒకటి పైన, ఒకటి కింద వచ్చేలా బిగిస్తే బోర్డు వంగదు. ఇరవై నాలుగు గంటలు కదిలించకండి.

అతికిన బోర్డును చదును చేయడానికి చాలామంది ప్లేనర్ యంత్రంలోకి తోస్తారు. ఇది ప్రమాదం. నిలబడి ఉన్న నార కొసను బ్లేడు పట్టుకుని లాగితే అంచు పెళ్లలుగా ఊడిపోతుంది, ఒక్కోసారి బోర్డే పగిలి వెనక్కి దూసుకొస్తుంది. పట్టాల మీద జారే రౌటర్‌తో పొరపొరగా తీయడం క్షేమం. తర్వాత గరుకు కాగితం 80తో మొదలుపెట్టి 120, 180, 220 వరకు. ఒక్క మెట్టూ దాటేయొద్దు. 80 గీతలు 220తో పోవు, నూనె పెట్టగానే బయటపడతాయి. చివరి రుద్దుడుకు ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే లేచిన నార మళ్లీ రుద్దుకోవచ్చు. టేకు, జిట్రేగి పొట్టు ఒంటికి పడనివారుంటారు, ఎన్95 మాస్కు తప్పనిసరి.

నూనె విషయంలో వంటింటి సీసా వైపు చేయి పోనివ్వకండి. వేరుశనగ నూనెలాంటివి ఆరవు, కొన్నాళ్లకు కంపు కొడతాయి. పెయింటు దుకాణాల్లో దొరికే అవిసె నూనెలో లోహపు రసాయనాలు కలిపి ఉండవచ్చు. మందుల దుకాణంలో లిక్విడ్ ప్యారాఫిన్ ఐపీ అని అడగండి. చెడని, వాసన లేని నూనె అది. నిలువు నార దాన్ని ఆశ్చర్యపోయేంత తాగుతుంది. పీల్చడం ఆగేదాకా పోస్తూనే ఉండండి, మర్నాడు మళ్లీ. తర్వాత నాలుగు భాగాల నూనెకు ఒక భాగం తేనెమైనం కరిగించి రుద్దితే నీరు త్వరగా ఇంకదు. కింద నాలుగు రబ్బరు కాళ్లు బిగిస్తే అడుగున గాలి ఆడుతుంది.

పూర్తయిన బోర్డు సుమారు 2.7 కిలోలు తూగుతుంది, తరిగేటప్పుడు కదలదు. సింకులో నానబెట్టకూడదు, డిష్‌వాషర్‌లో వేయకూడదు. రెండు ముఖాలూ కడిగి, తుడిచి, అంచు మీద నిలబెట్టాలి. ఒక్క ముఖమే తడిస్తే వంగిపోతుంది. పసుపు మరక పడితే రాళ్లుప్పు, నిమ్మచెక్కతో రుద్దండి, మిగిలింది వెలుతురుకు దానంతటదే వెలిసిపోతుంది. అలాగని ఎర్రటి ఎండలో పెట్టొద్దు, పగుళ్లొస్తాయి. నీటి చుక్క ఉబ్బెత్తుగా నిలవకుండా వెంటనే ఇంకుతోందంటే మళ్లీ నూనె పెట్టే వేళయిందన్నమాట. మొదటి ఏడాది అది నెలకోసారి వస్తుంది, తర్వాత అరుదవుతుంది. ఏళ్లకు గాట్లు లోతు పడితే పైన ఒక మిల్లీమీటరు గీసేసి మళ్లీ నూనె పెట్టండి. గళ్లు పైకి అద్దినవి కావు, 40 మిల్లీమీటర్ల లోతునా అవే ఉంటాయి.