పాత చీర, విరిగిన లక్క బొమ్మ: ధరించే వస్తువులుగా మలచడం

అనకాపల్లిలో మా వీధిలోకి తరచూ స్టీలు సామాన్ల గంప వస్తుంది. నాలుగు పాత చీరలు, రెండు ప్యాంట్లు ఇస్తే ఒక గిన్నె. ఆ బేరాన్ని ఎప్పుడైనా దగ్గర నిలబడి చూడండి. గంప దించినామె బట్ట రంగును పెద్దగా పట్టించుకోదు. చీరను వెలుతురుకు పట్టి చూస్తుంది, రెండు చేతులతో అడ్డంగా చిన్నగా లాగుతుంది, తర్వాతే ధర చెబుతుంది. ఈ పాఠంలో మీరు నేర్చుకోవలసిన మొదటి విద్య అదే. నేను గృహవిజ్ఞానం బోధించిన రోజుల్లో ఈ పరీక్షను అంత స్పష్టంగా చెప్పిన పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు.

ముందు ఒక తేడా గమనించండి. పాత బట్టను పీచుగా చీల్చి, మళ్లీ నూలు వడికి దుప్పటి నేస్తే అది రీసైక్లింగ్. హర్యానాలోని పానిపట్ ఈ పనికి పేరుపొందిన పట్టణం. చీల్చినప్పుడు పీచు పొట్టిదవుతుంది, అందువల్ల కొత్త నూలు ముతకబారుతుంది. అప్‌సైక్లింగ్‌లో బట్టను బట్టగానే ఉంచుతాం. నేతగాడు వేసిన అంచు, బుటా, రంగు అలాగే నిలుస్తాయి. వాటికి మన చేతి పని తోడై విలువ పెరుగుతుంది.

ఇది పరదేశం నుంచి వచ్చిన ఫ్యాషన్ అనుకోకండి. మన ఇళ్లలో అమ్మమ్మలు కుట్టిన బొంత ఏమిటి? అరిగిన చీరలను పొరలుగా పరచి, రన్నింగ్ కుట్టుతో కలిపినదే. బెంగాలులో దీన్నే కాంథా అంటారు, అక్కడ కుట్టడానికి దారం కూడా పాత చీర అంచు నుంచే లాగేవారు. చలి వల్ల పత్తి పండని ఉత్తర జపానులో రైతులు అతుకు మీద అతుకు వేసి తరాల తరబడి కట్టిన 'బోరో' బట్టలు ఇప్పుడు మ్యూజియంలలో ఉన్నాయి. లేమి నుంచి పుట్టిన పని అది. మన బొంతను మాత్రం మనం అటక మీద పెట్టి మరిచిపోయాం.

బట్టను ఎంచుకోవడం

చీర అంతా ఒకే తీరున అరగదు. మడమ కింద పడే అంచు, నడుము దగ్గర దోపే భాగం, భుజం మీద పిన్ను పెట్టే చోటు ముందు పోతాయి. కుచ్చిళ్ల మధ్య భాగం చాలాసార్లు గట్టిగా ఉంటుంది. లాగినప్పుడు చిటపటమని పోగులు తెగితే ఆ ముక్కను కుట్టకండి, దిండులో కూరడానికి వాడండి. తర్వాత, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందో లేదో చూడండి. చెమట తగిలే నగకు ఇది తప్పనిసరి.

బట్ట ఏదో తెలియకపోతే రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, స్టీలు పళ్లెం మీద కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది. పట్టయితే వెంట్రుక కాలిన వాసన, నలిపితే పొడి అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

ఇక గాజు. పాత ప్లాస్టిక్ గాజుకు పట్టు అంచు చుట్టడం తేలిక పనే కాని, ఎక్కువమంది పొరబడేది కొలత దగ్గర. 2.4 సైజు గాజు అంటే లోపలి వ్యాసం 2 అంగుళాల 4/16, సుమారు 57 మిల్లీమీటర్లు. బట్ట, జిగురు కలిసి లోపలి వైపు ఒక్కో పక్క మిల్లీమీటరుకు పైగా ఆక్రమిస్తాయి. అంటే 2.4 గాజు కాస్తా దాదాపు 2.2 అయిపోతుంది, చేతికి ఎక్కదు. కాబట్టి ఒక సైజు పెద్దది, 2.6 తీసుకోండి. పట్టీని నేతకు ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో కత్తిరిస్తే ముడతలు పడకుండా వంగుతుంది. సెంటీమీటరు వెడల్పు గాజుకు, సగం సగం మీద పడేలా చుడితే, 2 సెంటీమీటర్ల పట్టీ సుమారు 60 సెంటీమీటర్లు పడుతుంది. ఒక్క జాకెట్టు ముక్కలో ఎన్ని గాజులు వస్తాయో మీరే లెక్కకట్టండి.

లక్క బొమ్మ

మన జిల్లాలోనే, వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. వాటిని సహజ రంగుల వైపు మళ్లించడానికి కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. తేలికైన అంకుడు కర్రను యంత్రం మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ మీకే తోస్తాయి.

విరిగిన లక్కపిడతల్లో చిన్న చెంబు, మూత, రోకలి చెవి కమ్మలకు చక్కగా నప్పుతాయి. బొంగరం తల లాకెట్ అవుతుంది. కన్నం వేసేటప్పుడు కరెంటు డ్రిల్లు వద్దు. వేగానికి వేడి పుట్టి లక్క జారిపోతుంది. చేతి డ్రిల్లుతో, ఆగి ఆగి, లక్క ఉన్న వైపు నుంచి మొదలుపెట్టండి. రెండు వైపులా లక్క ఉంటే సగం ఇటు నుంచి, సగం అటు నుంచి వేస్తే అంచు పెచ్చులూడదు. శుభ్రం చేయడానికి పొడిగుడ్డ చాలు. నేను ఒకసారి మనవరాలి పిడతలను శానిటైజరుతో తుడిచాను. ఎర్రరంగంతా గుడ్డకు వచ్చింది! లక్క ఆల్కహాలులో కరుగుతుందని తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన మనిషినే. అందుకే కొనేవారికి చెప్పండి: సెంటు చల్లుకున్నాకే ఈ కమ్మలు పెట్టుకోవాలి.

ఒక మాట గట్టిగా చెబుతున్నాను. బాగున్న లక్క బొమ్మను నగ కోసం విరగ్గొట్టకండి. దాన్ని చేసిన చేతికి అది న్యాయం కాదు. అలాగే మీరు చేసిన కమ్మలను 'ఏటికొప్పాక నగలు' అని అమ్మకూడదు. ఆ పేరు రిజిస్టరైన పేరు, అక్కడి కళాకారుల కూడు దాని మీదే ఉంది. 'పాత ఏటికొప్పాక బొమ్మతో చేసినది' అని రాస్తే నిజం చెప్పినట్టూ ఉంటుంది, మీ పని ఏమిటో తెలిసినట్టూ ఉంటుంది.

ప్లాస్టిక్ బొమ్మల విషయంలో ఇంకొంచెం భయం అవసరం. మన దేశంలో బొమ్మలకు బి.ఐ.ఎస్. ప్రమాణాలు 2021 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు కొన్న చవక బొమ్మల రంగులో సీసం ఉండవచ్చు. పెచ్చులూడే రంగును గరుకు కాగితంతో రుద్దకండి, ఆ దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది. జిగటగా మారిన మెత్తని ప్లాస్టిక్‌ను పక్కన పెట్టేయండి. రంగు ప్లాస్టిక్‌లోనే కలిసి ఉన్న గట్టి ఇటుకలు, చక్రాలు వాడుకోవచ్చు. ఏ నగనైనా, లక్కదైనా సరే, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు వేయకండి.

అభ్యాసం: ఇంట్లో కట్టడం మానేసిన ఒక చీరను నేల మీద పూర్తిగా పరచండి. అరిగిన చోట్లు సుద్దతో గుర్తించి, మిగిలిన గట్టి భాగం ఎన్ని మీటర్లో కొలవండి. దానితో చేయగల ఒక వస్తువుకు దారం, కొక్కేలు, జిగురు ఖర్చుతో పాటు మీకు పట్టే గంటలను కూడా కూలి కట్టి ధర వేయండి. చాలామంది వదిలేసేది ఆ గంటలనే. లెక్క రాసిన కాగితాన్ని, ఒక చిన్న నమూనాను కాంటాక్ట్ తరగతికి తీసుకురండి.