శుభలేఖలో శాస్త్రమెంత?

తండ్రి లేని ఆడపిల్ల పెళ్ళికి శుభలేఖ ఎవరి పేరున వేయాలనే సరికి బాబాయో, మేనమామో, అన్నయ్యో ముందుకొస్తారు. తల్లి పేరు వేస్తే అశుభమనీ, శాస్త్రం ఒప్పుకోదనీ అంటారు. ఏ శాస్త్రమో మాత్రం చెప్పరు. కన్యాదానం చేసే అధికారం ఎవరెవరిదో యాజ్ఞవల్క్య స్మృతి వరుసగా చెప్పింది: తండ్రి, తాత, సోదరుడు, సకుల్యుడు (అంటే అదే వంశపు బంధువు), ఆపైన తల్లి. తల్లి చివరన ఉన్న మాట నిజమే, కానీ ఉంది. తండ్రి ఉండగా ఆమె వంతు రాదు కనుక, అక్కడ చెప్పింది ముఖ్యంగా భర్త పోయిన తల్లి గురించే అనుకోవాలి. పైగా అది కన్యాదానం సంగతి. పిలుపు కింద ఎవరి పేరుండాలన్న తగవు స్మృతికారుల కాలంలో లేదు, అప్పటికి అచ్చాఫీసులు లేవు గనక. 1955 హిందూ వివాహ చట్టం కూడా మైనరు వధువు తరఫున సమ్మతి తెలపాల్సిన సంరక్షకుల వరుసలో తండ్రి తర్వాత తల్లినే నిలిపింది. తాతా, బాబాయీ ఆమె వెనకే. 1978 సవరణతో ఆ సెక్షనే పోయింది. ఇక మిగిలింది అలవాటు. పెళ్ళింట పెద్దల మనసు కష్టపెట్టడం దేనికి అనేవారి మాట తీసిపారేయదగ్గది కాదు. ఆ పెద్దల పేర్లన్నీ 'బంధుమిత్రుల అభినందనలతో' అన్నచోట నిండుగా వేయవచ్చు. అంతేగానీ పిల్లను పెంచిన మనిషి పేరు తీసేస్తే వారికి పెరిగే మర్యాద ఏమిటి?

శుభలేఖకు ఇన్ని నిషేధాలు అంటుకోవడానికి ఒక కారణం, దాన్ని లగ్నపత్రికతో కలిపేసుకోవడం. లగ్నపత్రికను పురోహితుడు రాసి, ఇరువైపుల పెద్దల ముందు చదువుతాడు. ముహూర్తం ఖాయమైందనడానికి అది గుర్తు. శుభలేఖ ఆ కబురును పదిమందికీ చేరవేసే కాగితం. నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి ముందు పెట్టడం ముచ్చటైన ఆచారమే, ఎవరూ మానక్కర్లేదు. కానీ కవరు అంటించకూడదన్న నియమం చూడండి. దాని వెనక తపాలా లెక్క ఉంది. అచ్చు కాగితాలు బుక్ పోస్టులో తక్కువ ఖర్చుతో వెళ్ళేవి. లోపల ఉత్తరమేదీ లేదని సిబ్బంది విప్పి చూసుకునేలా కవరు తెరిచి ఉంచాల్సి వచ్చేది. చేతికిచ్చే కార్డులకూ ఆ అలవాటే పాకి, కాలక్రమాన శుభమైపోయింది. పెళ్ళి రిజిస్ట్రేషనుకు కార్డు అడుగుతారు కదా, మరి దానికి విలువ లేదా అనవచ్చు. అడిగేది పెళ్ళి జరిగిందనడానికి ఒక ఆధారంగా మాత్రమే. సప్తపది ఆచారంగా ఉన్నచోట ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుందని చట్టం ఏడో సెక్షను చెబుతుంది. కార్డు వేయకపోయినా పెళ్ళి పెళ్ళే.

వాట్సాప్‌లో పంపితే అవమానమన్న మాటలో సగం నిజముంది. కార్డులు రాకముందే మనకు బొట్టు పెట్టి పిలవడం ఉంది. మర్యాద ఆ పిలుపులో ఉంది. గుమ్మం దాకా వచ్చి పిలిచి, కార్డు ఫోనులో పంపినా ఎవరూ తప్పుపట్టరు. మాట లేకుండా కొరియర్‌లో వచ్చిన ఖరీదైన పెట్టె కంటే అదే నయం. దూరాన ఉన్నవారికి ముందు ఫోను చేసి మాట్లాడి, తర్వాత కార్డు పంపితే చాలు.

అసలు జాగ్రత్త పడాల్సింది తేదీ దగ్గర. 'బుధవారం రాత్రి 2 గంటల 35 నిమిషాలకు' అని ఉంటే అచ్చుతప్పని కొందరు నవ్వుకుంటారు. తప్పు కాదు. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, గడియారంలో తేదీ అర్ధరాత్రికే మారుతుంది. పాత శుభలేఖల్లో 'తెల్లవారితే గురువారం' అని కలిపి రాసేది ఈ తికమక రాకూడదనే. ఇప్పుడు జాగా కలిసొస్తుందని ఆ రెండు మాటలూ ఎగరగొట్టి, ఇంగ్లీషు తేదీ ఒక్కటే వేస్తున్నారు. ఆ తేదీ బుధవారానిదైతే, అమెరికా నుంచి టికెట్టు కొనుక్కునే మేనత్త కొడుకు ఒక రోజు ముందే అర్ధరాత్రి మండపం తలుపు తడతాడు. జాగా కావాలంటే బంగారు రంగు లతలు కొన్ని తీసేయండి.