జేడ్యామ్

జేడ్యామ్ (జాయింట్ డైరెక్ట్ అటాక్ మ్యూనిషన్) అనేది విమానం నుండి జారవిడిచే మామూలు బాంబును నిర్ణీత లక్ష్యం వైపు నడిపించుటకు అమర్చే మార్గదర్శక కిట్. ఇది స్వయంగా బాంబు కాదు. అమెరికా వైమానిక, నౌకా దళాల కొరకు రూపొందిన ఈ కిట్‌ను బోయింగ్ సంస్థ తయారు చేస్తున్నది.

నేపథ్యం

1991 నాటి గల్ఫ్ యుద్ధంలో లేజరు సాయంతో నడిచే బాంబులు చక్కగా పనిచేసినప్పటికీ, మేఘాలు, పొగ, దుమ్ము అడ్డు వచ్చినపుడు గురి తప్పేవి. అందువలన వాతావరణంతో నిమిత్తం లేకుండా, తక్కువ ఖర్చుతో పనిచేసే సాధనం అవసరమైనది. నిల్వలో ఉన్న పాత బాంబులనే వాడుకొనగలగడం దీనిలోని సౌలభ్యం. 1999లో యుగోస్లావియాపై నాటో జరిపిన దాడులలో బి-2 విమానాల నుండి దీనిని తొలిసారిగా యుద్ధంలో ప్రయోగించారు.

నిర్మాణం

బాంబు తోకను తొలగించి, దాని స్థానంలో కదిలే రెక్కలు గల కొత్త తోకను బిగిస్తారు. మార్గదర్శక కంప్యూటరు, జడత్వ సంవేదకాలు, జీపీఎస్ గ్రాహకం ఈ తోకలోనే ఉంటాయి. బాంబు నడుమ భాగానికి గాలిలో స్థిరత్వం కొరకు పట్టీల వంటి కదలని రెక్కలను అమర్చుతారు. దీనిని 500, 1000, 2000 పౌన్ల బాంబులకు వాడతారు.

పనిచేసే విధానం

బాంబును విడిచే ముందు లక్ష్యపు అక్షాంశం, రేఖాంశం, ఎత్తులతో పాటు విమానపు స్థానం, వేగం కూడా కిట్‌కు అందుతాయి. విడిచిన తరువాత కిట్ తన స్థానాన్ని ఎప్పటికప్పుడు లెక్కించుకొని, తోక రెక్కలను తిప్పుతూ బాంబును లక్ష్యానికి చేరుస్తుంది. ఇంజను లేనందున ఇది చేరగల దూరం విమానపు ఎత్తు, వేగాలపై ఆధారపడి ఉంటుంది. ఈ దూరం సుమారు 28 కిలోమీటర్ల వరకు ఉండవచ్చు. విప్పుకొనే రెక్కలు గల జేడ్యామ్-ఈఆర్ రకం 70 కిలోమీటర్లకు పైగా వెళ్ళగలదు.

కచ్చితత్వం

అమెరికా వైమానిక దళం ప్రకారం, జీపీఎస్ అందుతున్నపుడు కనీసం సగం బాంబులు లక్ష్యానికి 5 మీటర్ల లోపున పడతాయి. జీపీఎస్ అందక, జడత్వ వ్యవస్థ ఒక్కటే పనిచేసినపుడు ఈ దూరం 30 మీటర్లు. 2023లో ఉక్రెయిన్‌కు ఇచ్చిన జేడ్యామ్‌లు రష్యా జీపీఎస్ సంకేతాలకు కలిగించిన అంతరాయం వలన ఇబ్బందులను ఎదుర్కొన్నాయి.

పరిమితులు

జేడ్యామ్ లక్ష్యాన్ని చూడదు. తనకిచ్చిన బిందువును మాత్రమే వెదుకుతుంది. అంకెలు తప్పైతే, బాంబు ఆ తప్పు చోటనే కచ్చితంగా పడుతుంది. 1999 మే 7న బెల్‌గ్రేడ్‌లోని చైనా రాయబార కార్యాలయంపై ఈ బాంబులు పడి ముగ్గురు చైనా పాత్రికేయులు మరణించారు. వేరొక భవనం అనుకొని పొరపాటున స్థానాన్ని గుర్తించామని అమెరికా తెలిపినది. చైనా ఈ వివరణను అంగీకరించలేదు.

2001 డిసెంబరు 5న ఆఫ్ఘనిస్తాన్‌లోని కాందహార్ సమీపంలో 2000 పౌన్ల జేడ్యామ్ ఒకటి అమెరికా సైనికుల స్థావరం మీదనే పడినది. ముగ్గురు అమెరికా సైనికులు, పలువురు ఆఫ్ఘన్లు మరణించారు. హమీద్ కర్జాయ్ స్వల్పంగా గాయపడ్డాడు. నేలపై వాడిన జీపీఎస్ పరికరంలో బ్యాటరీ మార్చగా, అది శత్రు స్థానానికి బదులు తానున్న చోటు అంకెలను చూపినది. ఆ అంకెలే విమానానికి చేరినవి. బాంబు, కిట్ రెండూ సక్రమంగానే పనిచేశాయి.

కదిలే లక్ష్యాల కొరకు తరువాత లేజరు గ్రాహకాన్ని కూడా జోడించిన లేజరు జేడ్యామ్ రకం రూపొందినది.