సూర్యుడి మీది మసక ఎవరిది?

జూల్స్ జాన్సెన్ అనగానే మనకు గుర్తొచ్చేది గుంటూరు. 1868 ఆగస్టు 18న అక్కడ గ్రహణం చూశాడు, హీలియం కథలో చేరిపోయాడు. పారిస్ దగ్గరి మ్యూడన్ వేధశాలలో ఆ ఫ్రెంచి పెద్దమనిషి సూర్యుడి ఫొటోలతో పడ్డ పాట్లు మాత్రం ఎవరూ చెప్పరు.

సూర్యుడు ఫొటోకి చిక్కడం అప్పటికి పాత సంగతే. 1845 ఏప్రిల్ 2న శాస్త్రవేత్తలు ఫూకో, ఫిజో వెండి పూత రేకు మీద సూర్యబింబాన్ని మచ్చలతో సహా పట్టారు. చిక్కంతా ఫోకస్‌ది. మన కన్ను పసుపు, ఆకుపచ్చ వెలుగుల్లో చురుకు. ఆనాటి కొలోడియన్ ప్లేటుకి నీలం, ఊదా తప్ప మిగతావి దాదాపు కనిపించవు. లెన్సు ఒక్కో రంగును ఒక్కో దూరంలో కూడగడుతుంది కాబట్టి కంటికి స్పష్టంగా కుదిరిన చోట ప్లేటు పెడితే బొమ్మ అలుక్కుపోయేది. లెన్సును ఊదా వెలుగుకు తగ్గట్టు సానపట్టాలి. ఆపైన ఒక ప్లేటు తీసి, కాస్త జరిపి, మరొకటి తీసి చూసుకోవాలి.

జాన్సెన్ ఇంకో అడుగు వేశాడు. వెలుగు మితిమీరితే ప్లేటు మీద పక్కలకు పాకి సన్నని వివరాల్ని మింగేస్తుందని గ్రహించాడు. కెమెరా ముందు ఇరుకు చీలికను జోరుగా పరిగెత్తించి, వెలుగు సోకే వ్యవధిని సెకనులో 3000వ వంతు దాకా తగ్గించాడు. అంత కొద్ది సమయంలో ప్లేటు మీద పనిచేసేది బాగా చురుకైన ఊదా పట్టీ ఒక్కటే. దాంతో రంగుల తగువు కూడా చాలావరకు తీరింది. 30 సెంటీమీటర్ల సూర్యబింబం నిండా నూకలు చల్లినట్టు గింజలు తేలాయి. ఒక్కోటి అసలు కొలతలో దాదాపు 1000 కిలోమీటర్లు, ప్లేటు మీద మిల్లీమీటరులో అయిదో వంతు.

అయితే గింజలు కొన్నిచోట్ల చెక్కినట్టున్నాయి, కొన్నిచోట్ల చెదిరిపోయాయి. ఆ మసక పట్టీలు వల అల్లినట్టు కనబడితే, అది సూర్యుడి మీదే ఉందని జాన్సెన్ ప్రకటించాడు. నిజానికది మన గాలి చేసిన పని. ఎండాకాలం తారు రోడ్డు మీద దూరపు లారీ వణికినట్టే ఇదీను. ఎక్కువసేపు వెలుగు పడనిస్తే ఆ వణుకంతా కలిసిపోయి ఫొటో ఒకే తీరుగా మసకబారేది. ఆయన వేగం వణుకునూ ఉన్నదున్నట్టు పట్టేసింది. గింజల్ని చూపిన ఉపాయమే పొరపాటూ చేయించిందన్నమాట. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఈనాటికీ టెలిస్కోపు ఫోకస్ మర తిప్పుతూంటే బొమ్మ చెదిరింది చేతివల్లో గాలివల్లో తెలీదు. అందుకే సూర్యమచ్చ అంచు మీద గురి ఉంచి, సరైన చోటు దాటి వెళ్లి, వెనక్కొచ్చి నిలుపుతారు. గొట్టం వేడెక్కితే ఫోకస్ జరుగుతుంది, మళ్లీ చూసుకోవాలి. (సూర్యుడి ఫిల్టరు గొట్టం ముందే ఉండాలి. కంటివైపు బిగిస్తే వేడికి పగిలి చూపు పోవచ్చు.) తరవాత వందల ఫ్రేములు తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాలవి ఏరుకుంటారు. నేల కాగకముందు, పొద్దున్నే అయితే మేలు. ఉదయపూర్ సౌర వేధశాలను ఫతే సాగర్ చెరువు నడుమ లంక మీద కట్టింది కూడా నీళ్లు నేలలా తొందరగా కాగవనే.