పసివారి పంతులమ్మ

జువ్వలదిన్నె నెల్లూరు సీమలో, బోగోలు మండలమున, సముద్రపు టొడ్డున నున్న జాలరి గ్రామము. అచట క్రొత్తగా చేపల రేవు నిర్మింపబడుటచే దాని పేరు పత్రికలలో తరచుగా కనబడుచున్నది. రేవునుగూర్చి వ్రాయువారు పలువురు కలరు. ఇట్టి ఊళ్లలో తండ్రి వేటకును, తల్లి చేపల గంపతో అంగడికిని పోయిన వేళ మూడేండ్ల బిడ్డ ఎవరి చేతిలో నుండును, ఆ చేతికి ఏపాటి నేర్పు కలదు అని అడుగువారు మాత్రము అరుదు.

జాలరి బాలుడు తండ్రి వెంట నీటిపై ఎన్నో యేండ్లు గడపినగాని గాలివాటము, నీటి రంగు, వల బరువు ఎరుగడు. జువ్వలదిన్నెకు చేరువనున్న బిట్రగుంట ఒకనాడు ఆవిరి యంత్రముల షెడ్డుకు ప్రసిద్ధి. ఆ రోజులలో బొగ్గు వేయు ఫైర్‌మన్ ఏండ్ల తరబడి నిప్పుకడ నిలిచిన పిదపగాని డ్రైవరు కాజాలకుండెను. పడవకును, రైలుబండికిని అంతటి శిక్షణ కావలెనని అందరు నొప్పుకొందురు. పసిబిడ్డ విషయమున మాత్రము, “ఆడుది కదా, బిడ్డల నాడించుట తెలియదా?” అని తేల్చివేయుదురు. ఈ మాట వినుటకు తియ్యనిది. పంతులమ్మకు జీతము తగ్గించుటకు మిక్కిలి అనుకూలమైనది.

శిశువులకు చదువు చెప్పుట ఒక విద్య యని మనకు దగ్గరలోనే రుజువైనది. నెల్లూరు మదరాసు రాష్ట్రములో నున్న కాలమున, 1939 నవంబరులో, మరియా మాంటిస్సోరి దివ్యజ్ఞాన సమాజము వారి ఆహ్వానముపై చెన్నపట్టణపు అడయారునకు వచ్చెను. ఆమె వైద్యురాలు. 1907 జనవరి 6వ తేదీన రోము నగరములో పేదలుండు శాన్ లొరెంజో వాడయందు తొలి శిశుగృహమును తెరచినది ఆమెయే. అడయారులోని మొదటి శిక్షణ తరగతికి దేశపు నలుమూలల నుండి 300 మంది దాక వచ్చి చేరిరి. ఇంతలో యుద్ధములో ఇటలీ శత్రుపక్షమయ్యెను. 1940లో ఆమె కుమారుడు మారియోను ప్రభుత్వము నిర్బంధించి, ఆమె డెబ్బదవ జన్మదినమునకు విడిచిపెట్టెను. కొన్ని నెలలకని వచ్చిన ఆ వృద్ధురాలు 1946 వరకు ఈ దేశముననే నిలిచి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులను తయారుచేసెను.

ఆమె వారికి నేర్పినదానిలో ముఖ్యమైనది చూచుట. ఒక వస్తువును బిడ్డ యెదుట మెల్లగా, ఎక్కువ మాటలు లేక వాడి చూపవలెను. పిదప ప్రక్కకు తొలగవలెను. బిడ్డ పనిలో మునిగియున్నప్పుడు మెచ్చుకొనుటకైనను అడ్డు రారాదు. వ్రాసినంత సులభము కాదిది. నోరు మూసికొని యుండుట మావంటి ఉపాధ్యాయులకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

మన వీధిబడులలో ఇసుకపై వ్రేలితో ఓనమాలు దిద్దించెడివారు. మాంటిస్సోరి గరుకు కాగితముతో చేసిన అక్షరములపై పిల్లల వ్రేళ్లు నడపించెను. రెండు పద్ధతులును స్పర్శనే నమ్ముకొన్నవి. అయితే మన అయ్యవారు బిడ్డ వ్రేలు పట్టి, అది కందిపోవునంతగా రుద్దించెడివాడు. ఆమె ముందుగా బుడిపెలుగల కొయ్య దిమ్మలు పట్టించి, రేకు బిళ్లల అంచుల వెంట గీతలు గీయించి, చేయి కుదిరిన పిమ్మట అక్షరము నందించెడిది. జువ్వలదిన్నెలో ఇసుకకు కొదువలేదు. ఆ వ్రేలిని ఎప్పుడు, ఎట్లు ఇసుకపై పెట్టించవలెనో ఎరిగినవారు కావలెను.

అడయారు చదువున కొక లోపము కలదు. ఆ కొయ్య సామగ్రి ఖరీదైనది. ఆ బడులు ఎక్కువగా నగరములలోనే వెలసినవి. తెలుగునాట విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లో స్థాపించిన మాంటిస్సోరి పాఠశాల పేరుపొందినది. 2017లో ఆమెకు పద్మశ్రీ లభించెను. పల్లెల సంగతి వేరు. భావనగరములో గిజుభాయి బధేకాతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బొంబాయికి ఉత్తరమున బోర్డీ యను గ్రామమునకు పోయెను. అదియు సముద్రతీరపు టూరే. పేదపిల్లలు బడికి రాకున్న బడియే వారి ముంగిటికి పోవలెనని తలచి, పల్లెలో దొరకు వస్తువులతోనే ఆమె చదువు నడపెను. అంగన్‌వాడీ యను పేరు ఆ ముంగిటి నుండి పుట్టినదే. అంగణము మనకును క్రొత్త మాట కాదు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము మొదలైనప్పుడు ఆ పేరు దేశమంతటికి వ్యాపించెను. శిక్షణ మాత్రము నానాటికి చిక్కిపోయెను. మొదట నెలల లెక్కన నుండినది 26 పనిదినములకు దిగెను. అందులోనే పోషకాహారము, టీకాలు, గర్భిణుల సంరక్షణ, రిజిస్టర్లు. మిగిలిన కాస్త వేళలో శిశువిద్య. 2023లో ప్రకటింపబడిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ క్రింద కార్యకర్తకు లభించు శిక్షణ 3 దినములు. మెదడు పెరుగుదలలో నూటికి 85 పాళ్లకు పైగా ఆరేండ్లలోపుననే జరుగునని చెప్పు దేశముననే ఈ లెక్క!

మరియొక చిక్కు భాషది. నెల్లూరు తీరమున పట్టపువారి యిండ్లలో తమిళపు సాయగల పలుకుబడి వినవచ్చును. అట్టి యింటి బిడ్డకు బొమ్మల పుస్తకములోని తెలుగు సగము పరాయిది. బిడ్డ తన యింటి మాట పలికినపుడు తప్పని దిద్దక, దానినే మెట్టుగా చేసికొని రెండవ మాట నందించుట ఎట్లో పంతులమ్మకు ఎవరో ఒకరు చూపవలసినదే. నావంటి తెలుగు అయ్యవార్లు ఈ పనికి ఎంతమాత్రము పనికిరారు. మాకు చేతనైనది దిద్దుట యొక్కటే.

2023 డిసెంబరు 12 నుండి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు 42 దినములు సమ్మె చేసిరి. అప్పుడు కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలికి 7,000. దానిని జీతమనరు, గౌరవవేతనమందురు! అంతకు పూర్వము, 2022లో, వీరికి గ్రాట్యుటీ హక్కు కలదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చెను. జీతమే కాని జీతమునకు ఎవరు ఏండ్ల తరబడి చదివి వత్తురు?

2020 నాటి జాతీయ విద్యావిధానము ఇంటర్మీడియెటు చదివిన కార్యకర్తకు 6 నెలల సర్టిఫికెటును, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమాను సూచించినది. పాఠములు టీవీ, సెల్‌ఫోనుల ద్వారా. నెల కొకమారైనను ముఖాముఖి తరగతి. ఫోనులో పాఠము వినవచ్చును, కాని ఏడ్చు బిడ్డ ప్రక్కన కూర్చుండు తీరు ఫోనులో పట్టుబడదు. కనుక ఆ నెలసరి తరగతిని జిల్లా కేంద్రపు సభాభవనమున పెట్టక, జువ్వలదిన్నె వంటి ఊరి అంగన్‌వాడీలోనే పెట్టవలెనని నా మనవి. నేర్పరియైన పంతులమ్మ ఒకతె ఉదయమంతయు పిల్లలతో పనిచేయగా, తక్కినవారు గోడవారగా కూర్చుండి చూచినచో చాలును. మధ్యాహ్నము పిల్లలు నిద్రించునప్పుడు ఏ బిడ్డ ఏమి చేసెనో, పంతులమ్మ ఎచట మాటాడక ఊరకుండెనో చర్చించుకొనవచ్చును. దీనికి కావలసిన ఖర్చు బస్సు చార్జీలు.